తూకం చీటీల వెనకవైపు

బతుమి రేవులో రాత్రి కాటా నాది.
లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
చీటీ చింపి కిటికీలోంచి అందిస్తాను.
నిండుగా ఒకసారి, దించాక ఒకసారి.
రెంటికీ మధ్య తేడానే సరుకు.
లారీకీ లారీకీ మధ్య దొరికే పది నిమిషాలు
నా నవల.

పాడైన చీటీల వెనక రాస్తాను.
ముందువైపు అచ్చు ఇవతలికి దిగి
ఒక్కోసారి నా వాక్యం మధ్యలో
పద్దెనిమిది టన్నుల సిమెంటు కనిపిస్తుంది.
కొట్టెయ్యను. కొన్ని వాక్యాలకి ఆ మాత్రం బరువు
అరువు తెచ్చుకున్నా తప్పులేదు.

తొమ్మిదో అధ్యాయంలో ఒతియా ఉన్నాడు.
చియతూరా గనుల మీద ముప్పై ఏళ్లు
తీగబండి నడిపిన మనిషి.
చెల్లెలి ఇంటికొచ్చి తలుపు మీద చెయ్యి పెట్టాడు.
అంతే.
పదకొండు వారాలైంది, పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది.
ఈలోగా నేను పన్ను పీకించుకున్నాను,
గ్యాసు బాకీ కట్టాను,
బజార్లో కమలాపళ్లు పచ్చగా వచ్చి, రంగు తిరిగి, అయిపోయాయి కూడా.
తట్టడు. వెనక్కి పోడు.
మంచు కురిపించి బెదిరించాను, కుక్కని వదిలాను,
ఒక రాత్రి విసుగెత్తి గుండెపోటు తెప్పించాను.
తెల్లారి చదువుకుంటే సిగ్గేసింది,
లేపి మళ్లీ తలుపు ముందు నిలబెట్టాను.

తిబిలిసి నుంచి ఎల్గుజా ఫోను చేస్తాడు.
"ఎంతవరకొచ్చింది?"
"తలుపు దాకా."
"పోయినసారీ తలుపే కదా?"
"అదే తలుపు."
అవతల అతను టీ చప్పరించడం వినిపిస్తుంది.
పోయిన పుస్తకం రెండు వందల పన్నెండు కాపీలు పోయింది.
ఆ డబ్బుతో వానకోటు కొన్నాను.
ఈ ఊళ్లో సాహిత్యం కన్నా అదే అక్కరకొస్తుంది.

కింది వాటా సియూరి ఆ పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.
"దొంగచాటుగా పంచదార బొక్కే ఆవిడ నేనే కదూ?"
కాదు సియూరీ, అది నేను.
నమ్మలేదు. మూడు నెలలు
మెట్ల మీద ఎదురైతే గోడకేసి చూసింది.
మా అన్న వజా మాత్రం,
తన అబద్ధాల్ని తన నోటి తీరుతోనే
దగ్గుతో సహా దించేస్తే,
కడుపు పట్టుకుని నవ్వాడు:
"ఇలాంటి వెధవని ఎక్కడ పట్టావే?"
ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.
గుర్తుపట్టి తిట్టినా బావుండేది.

నిన్న వాన. సముద్రమే లేచి నడిచొచ్చినట్టు.
త్రాబ్జోన్ లారీ ఒకటి సరుకు దించి ఖాళీగా కాటా ఎక్కింది.
దస్తరంలో ఉన్న ఖాళీ బరువు కన్నా
ఎనభై కిలోలు ఎక్కువ.
టార్చి పట్టుకుని చుట్టూ తిరిగాను.
చక్రాల దగ్గర, టార్పాలిన్ కింద, ఏమీ లేదు.
అద్దం దించి డ్రైవరు అన్నాడు, సగం తుర్కీ, సగం మా మాట:
"అక్కా, అది నేను.
ఎప్పుడూ సిగరెట్టుకి దిగేవాణ్ణి. ఇవాళ వాన."
దిగమన్నాను.
గొణుక్కుంటూ నా గొడుగులోకి వచ్చాడు.
అంకె సర్దుకుంది.

తర్వాత గంటన్నర ఎవరూ రాలేదు.
హీటరు మీద మేజోళ్లు ఆరేసి
పదకొండు వారాల చీటీలు మొదట్నించీ చదివాను.
ఒతియాకి ఏం కావాలో నేనే చెబుతున్నాను,
చెల్లెలు ఎందుకు అలిగిందో నేనే,
ఆఖరికి మంచు ఎందుకు కురుస్తోందో కూడా నేనే.
వీపు మీద ఇంత ఆడమనిషిని మోస్తూ
ఆ పెద్దాయన తలుపెలా తడతాడు?

దిగాను.

అంటే ఏం లేదు. నలభై చీటీలు కొట్టేసి
ఊరికే కూచున్నాను.

నాలుగింటికి కాబోలు
ఒతియా తలుపు మీంచి చెయ్యి తీశాడు.
తట్టలేదు.
మెట్టు మీద కూలబడి, ఎడమ బూటు విప్పి,
బోర్లించి దులిపాడు.
చిన్న రాయి.
చియతూరా నుంచి దాన్ని తొక్కుకుంటూనే వచ్చాడు.

ఆ రాయి సంగతి నాకు తెలీదు.

కాటా మీద ఏదో లారీ హారను కొడుతోంది.
కొట్టనీ.